రోలులో పూలెందుకు?

నేను ఒక రోలుని. నల్లరాయి, జానెడు లోతు, అంచున ఒక పెచ్చు ఊడింది. పురాతన కళాఖండం అని నన్ను పొగడొద్దు. దంచడానికి పుట్టాను, దంచుతుంటేనే నాకు మర్యాద.

శ్రీకాకుళం వైపు కొండరాయిని తొలిచి నన్ను చేశారు. అసిరమ్మ అనే కూలిమనిషి నెత్తికెత్తుకుని ఓడెక్కించి రంగూన్ తీసుకుపోయింది. అక్కడ వరసిళ్ళకి కుళాయి ఒకటే, రోలూ ఒకటే. పొద్దున్నే అసిరమ్మ ఎండుమిరప, చింతపండు నూరేది. తర్వాత పక్కింటి చీనా ముసలామె అల్లం, వెల్లుల్లి. ఆపైన ఎదురింటి బర్మా పిల్ల ఎండురొయ్యలు, మళ్ళీ అదే వెల్లుల్లి, అదే మిరప. ఎవరి కూర వాళ్ళకి గొప్ప, పక్కవాళ్ళది కంపు! నాకు నవ్వొచ్చేది. సరుకంతా నా గుంటలోనే కలిసేది కదా. ఒకరు కొబ్బరిపాలు పోస్తారు, ఒకరు నువ్వులనూనె. ఆ కాస్త తేడాకే ముక్కులు మూసుకోవడం.

అరవై నాలుగులో బర్మా సర్కారు ఇండియా వాళ్ళందర్నీ పొమ్మంది. రేవులో తనిఖీవాళ్ళు అసిరమ్మ చెవి కమ్మలు కూడా తీయించారు. నన్ను మాత్రం రాయేగా అని వదిలేశారు. అలా విశాఖపట్నం, కంచరపాలెం చేరాను.

అసిరమ్మ పోయాక ఇంటికి మిక్సీ వచ్చింది, నేను పాతసామాన్ల బండెక్కాను. బీచ్ రోడ్డులో ఒక పెద్ద హోటల్ వాళ్ళు కొన్నారు. 'ఆసియా రుచులు' అని బోర్డు. తీరా చూస్తే గుమ్మంలో పెట్టి, నీళ్ళు పోసి, చామంతి రేకులు చల్లారు. రోలులో పూలు! సిగ్గుతో చచ్చాను.

ఆ హోటల్లో ప్లేట్లు తోమే నూకరత్నం అసిరమ్మ మనవరాలు. పెచ్చూడిన అంచు చూసి నన్ను గుర్తుపట్టింది. "ఓలమ్మ, నువ్విక్కడున్నావేటే!" అంది. అప్పట్నుంచి నా నీళ్ళు ఆమే మార్చేది.

ఆమె అన్నం డబ్బాలో ఎండురొయ్యల పచ్చడి ఉండేది. మేనేజర్ విశ్వేశ్వర్‌కి ఆ వాసన పడదు. రెండుసార్లు తిట్టాడు. మూడోసారి వస్తే ఉద్యోగం ఉండదన్నాడు. ఆ జీతం మీదే ఇల్లు నడుస్తోంది. పాపం, పచ్చడి మానేసింది.

ఒక శనివారం మధ్యాహ్నం టేబుళ్ళన్నీ నిండి ఉండగా ఘాటుగా ఎండురొయ్య వాసన గుమ్మం దాకా వచ్చింది. మేనేజర్ ఇంకేమీ చూడలేదు. నా నీళ్ళు మారుస్తున్న నూకరత్నం మీదికి వచ్చాడు.

"చెప్పానా లేదా? రేపట్నుంచి రాకు."

"నానేటి సేశాను సార్? ఇదిగో, సూడండి." డబ్బా తెచ్చి మూత తీసింది. పెరుగన్నం, మావిడికాయ ముక్క.

ఇంతలో లోపల్నుంచి వంటమాస్టర్ పెంబా వచ్చాడు. డార్జిలింగ్ మనిషి, తెలుగు ఆ వంటింట్లోనే నేర్చాడు. "అది నాది సార్. థాయ్ కూరకి రొయ్యల ముద్ద. సీసా ఇప్పుడే తీశాను."

మేనేజర్ మొహం విప్పారింది. "ఓ, అదా! అది వాసన కాదయ్యా, ఫ్లేవర్."

"నా డబ్బాలో ఉంటే కంపు, సీసాలో వొస్తే ఫ్లేవరా సార్? రొండూ రొయ్యే గదా!"

"సర్లే, పనికి పో. ఇకమీదట గేటు బయట తిను."

"గేటు కాడ తిన్ను. అందరితో లోపలే తింతాను, ఏది తెచ్చుకుంటే అది. కాదంటే ఇప్పుడే ఎల్పోతాను, పలేట్లు మీరే తోముకోండి."

ఆయన లోపల పేరుకున్న ఎంగిలి ప్లేట్ల గుట్ట వైపు చూశాడు. సరే అనలేదు. అలాంటివాళ్ళు అనరు. టేబుళ్ళ వైపు వెళ్ళిపోయాడు.

సోమవారం డబ్బాలో పచ్చడి వచ్చింది. పెంబా ఒక ముద్ద అడిగి తిని, తమ ఊళ్ళో ఎండుచేపతో ఇలాగే నూరతారన్నాడట. ఆ మాట నూకరత్నం నా దగ్గరికొచ్చి చెప్పి, నీళ్ళు మార్చింది. ఆమె వేళ్ళకి వెల్లుల్లి, మిరప, రొయ్య. ఎన్నేళ్ళయిందో ఆ మూడూ కలిసి నా గుంటకి తగిలి!

నాకది చాలదు. ఈ హోటల్‌కి మీరెప్పుడైనా వస్తే ఫోటో తీసుకోవద్దు. ఆ పూలు పారబోసి, నాలుగు ఎండుమిరపకాయలు పడెయ్యండి.