పుట్టువెంట్రుకల నాయకుడు

విటోమిర్ రష్కొవిచ్ కత్తెరతో పైకొచ్చిన మనిషి. ఈ మాట అంటే రాజధాని బెల్‌గ్రేడ్ పెద్దమనుషులు నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. ఆయన మొదటి ఉపన్యాసం ఇచ్చింది నా కొట్టు అరుగు మీదే. నా పేరు పెర్సిదా. మొగుడు సలోనికా యుద్ధంలో పోయాక గ్రబోవిత్సా ఊరి సంతవీధిలో కాఫీ, ప్లమ్ సారా అమ్ముకుని బతికే విధవను. పెద్ద యుద్ధం ముగిశాక జరిగిన తొలి ఎన్నికలకు విటోమిర్ పట్నం బూట్లు వేసుకుని వచ్చాడు. అప్పటికి కుర్ర వకీలు. రాజ్యాంగం గురించి మాట్లాడాడు. వింటున్న కుక్కలు కూడా పడుకున్నాయి. ఆ ఎన్నికల్లో చిత్తుగా ఓడిపోయాడు.

రెండోసారి వచ్చేటప్పటికి మా జనం ఎలాంటివాళ్లో కనిపెట్టాడు. మా వైపు బిడ్డకు పుట్టువెంట్రుకలు తీసినవాడు ఆ ఇంటికి కూమ్ అవుతాడు. కూమ్ అంటే దేవుడి తర్వాత చుట్టం. గడపలోకి వస్తే లేచి నిలబడాలి, అడిగితే కాదనకూడదు, ఆయన శాపం తగిలితే ఆ ఇంట్లో దీపం పెట్టే దిక్కు ఉండదు. ఒకసారి కూమ్ అయ్యాడంటే తరతరాలకూ ఆ ఇంటికి వాళ్లే. విటోమిర్ వెండి కత్తెర ఒకటి కొన్నాడు. ప్రతి సంతకూ, ప్రతి ఉత్సవానికీ పోయి పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని జుట్టు కత్తిరించేవాడు. తలకో టోపీ, చేతిలో ఓ నాణెం. తల్లులు కళ్లు తుడుచుకునేవారు. మాలాంటి మట్టి మనుషులకు వకీలుగారు కూమ్ కావడమా అని!

ఆ రోజుల్లో ఓటంటే రబ్బరు గోళీ. గుప్పిట మూసి ప్రతి పార్టీ పెట్టెలోనూ చెయ్యి పెట్టాలి, ఎందులో వదిలామో ఎవరికీ తెలియదు. కానీ దేవుడికి తెలుసు కదా. కూమ్‌కు ద్రోహం చేసి దేవుడికి ఏం ముఖం చూపిస్తారు? విటోమిర్ గెలిచాడు. ఆ తర్వాత మూడు పార్టీలు మారాడు. ఊళ్లు కూడా కోడి వెనక పిల్లల్లా ఆయన వెనకే మారాయి.

రాజుగారు శాసనసభకు తాళం వేసినప్పుడు విటోమిర్ నా వెనక గదిలో కూర్చుని ప్రజాస్వామ్యం చచ్చిపోయిందని ఏడ్చాడు. కొన్నాళ్లకు సర్కారు నిలబెట్టే అభ్యర్థుల జాబితాలో ఆయన పేరు వచ్చింది. ఏడుపు ఆగిపోయింది. గోళీలు కూడా పోయాయి. ఇప్పుడు బల్ల ముందు నిలబడి, పక్కన పోలీసును పెట్టుకుని, ఎవరికి ఓటో నోటితో చెప్పాలి. గుమాస్తా రాసుకుంటాడు. అలా మొదటిసారి అడిగినప్పుడు తానాస్కో అనే రైతు వేరేవాడి పేరు చెప్పాడు. వారం తిరక్కుండా సర్కారు అడవిలో కట్టె కొట్టాడని పోలీసులు తీసుకెళ్లారు. తుంటి విరిగి తిరిగొచ్చాడు. అతన్ని వీపున మోసుకొచ్చిన తమ్ముడు మిలున్, ఇక తన నోట విటోమిర్ పేరు రాదని నా కొట్టులో ఒట్టు పెట్టుకున్నాడు. మిలున్ కూతురికి కూమ్ ఆ విటోమిరే. అయినా ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ కూతురు స్తమెనా. తల్లి లేని పిల్ల, నా వంటింట్లో పనికి వచ్చేది. ఏటి అవతలి ఊరి ఓబ్రెన్ కట్టెల బండి తోలుకొచ్చేవాడు. అవసరం ఉన్నా లేకపోయినా నాకు కట్టెలు రావడం మొదలైనప్పుడే నాకు అర్థమైంది. ఒక ఉదయం పులిసిన క్యాబేజీ పీపా మూత తీయగానే స్తమెనా పరుగెత్తుకెళ్లి పెరట్లో వాంతి చేసుకుంది. నా గుండె జారిపోయింది. కడుపు వచ్చినందుకు కాదు. అలాంటి పెళ్లిళ్లు మా ఊళ్లో సగం ఉన్నాయి. నా గుండె జారింది ఎందుకంటే, ఈ ఇద్దరికీ పుట్టువెంట్రుకలు తీసింది విటోమిరే. ఒకే చేత్తో జుట్టు తీయించుకున్న పిల్లలు అన్నాచెల్లెళ్ల వరస. మా దగ్గర రక్తం కన్నా ఆ వరసే గట్టిది.

చర్చి పుస్తకంలో అలాంటి అడ్డేమీ లేదని పాదిరి మిలున్‌కు చెప్పాడు. కానీ మా ఆచారం ప్రకారం తలల మీద కిరీటాలు పెట్టి పెళ్లి చేస్తే మర్నాడు జనం తన ఇంటికి నిప్పు పెడతారని కూడా చెప్పాడు. దారి ఒక్కటే ఉంది. కూమ్ స్వయంగా వచ్చి చర్చి ముంగిట్లో, జనం ముందు, ఈ పిల్లను ఈ వరస నుంచి వదిలేస్తున్నానని అనాలి. ఒక్క మాట. పొట్ట కనపడక ముందే అనాలి.

మళ్లీ ఎన్నికలు వచ్చాయి. విటోమిర్ నా వెనక గదిలో మకాం పెట్టాడు. మిలున్ వచ్చి టోపీ చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. నేను సారా పోస్తున్నాను. నన్ను బయటికి పొమ్మని ఎవరూ అనలేదు. సారా పోసేవాళ్లకు చెవులుంటాయని మగవాళ్లకు తట్టదు.

ఓబ్రెన్ సంగతీ, పిల్ల సంగతీ మిలున్ దాచకుండా చెప్పాడు. విటోమిర్ మధ్యలో అడ్డు రాకుండా అంతా విన్నాడు. ఎన్నో నెల అని ఒక్కటే అడిగాడు. తర్వాత నిట్టూర్చాడు.

"పోయినసారి ఓటుకే రాలేదు నువ్వు. కూమ్ గుర్తొచ్చాడన్నమాట ఇప్పటికి."

"వేస్తాను కూమ్ గారూ."

"నువ్వొక్కడివి వేస్తే నాకేం ఒరుగుతుంది? మీ అన్న కుంటి కాలు చూసి ఎగిరిపడే కుర్రాళ్లు నలుగురున్నారు ఊళ్లో. వాళ్లు చూడాలి. మీ అన్న ఓటు వేసే వరుసలో ఉండగా, వాడి ముందు నిలబడి చెప్పు."

"చెబితే, వచ్చే ఆదివారం చర్చి దగ్గర మీరూ చెబుతారా?" అని అడిగాడు మిలున్.

"కూమ్ మాటకు పూచీ అడుగుతావా?" అన్నాడు విటోమిర్, ఎంతో నొచ్చుకున్నట్టు. ఇద్దరూ సారా తాగారు.

ఓటు వేసేది ఊరి బడిలో. బల్ల దగ్గరున్న వాళ్లకు కాఫీ పట్టుకెళ్లిన నేను కిటికీ పక్కన నిలబడిపోయాను. మిలున్ విటోమిర్ పేరు చెప్పాడు. గుమాస్తాకు వినపడింది, రాయబోయాడు. విటోమిర్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "వయసైపోతోంది, వినపడ్డం లేదు. కాస్త గట్టిగా, మిలున్" అన్నాడు. మిలున్ గట్టిగా చెప్పాడు. వెనకే కాలీడ్చుకుంటూ వచ్చిన తానాస్కో మళ్లీ ఆ వేరేవాడి పేరే చెప్పి, తమ్ముడి వైపు తల తిప్పకుండా బయటికి నడిచాడు. విరగ్గొట్టడానికి ఇంకో తుంటి ఉంది కదా అని నవ్వాడు పోలీసు. విటోమిర్ గెలిచాడని వేరే చెప్పక్కర్లేదు. ఈసారి మంత్రి పదవి ఖాయమని పత్రికలు రాశాయి.

ఆదివారం ఆయన మాట తప్పకుండా కారులో వచ్చాడు. చర్చి ముంగిలి కిటకిటలాడుతోంది. వాళ్లందరూ స్తమెనా కోసం రాలేదు. ఆయన కత్తెర కిందికి తల వంచిన పిల్లలు ఇప్పుడు పెళ్లీడుకు వచ్చారు. ఎక్కడ సంబంధం చూసినా ఈ వరస అడ్డొస్తోంది. ఒక్కరిని వదిలితే, మర్నాడు తమ పిల్లల్ని కూడా వదలమని అడుగుదామని తండ్రులు కాచుకుని ఉన్నారు. ఆ ముఖాలన్నీ విటోమిర్ కారు దిగుతూనే చూశాడు. అక్కడే నిర్ణయించుకున్నాడని నా నమ్మకం. జుట్టు ముడి ఒక చోట వదులైతే ఓట్ల మూట మొత్తం ఊడిపోతుంది.

"నన్ను ఏదో అడగాలన్నావు మిలున్. అందరూ వినేలా అడుగు."

పిల్లను వరస నుంచి వదిలేయమని మిలున్ అడిగాడు. తొందరేం వచ్చిందని విటోమిర్ అన్నాడు. అన్నీ తెలిసి అన్నాడు. మిలున్ ముఖం తెల్లబోయింది. కూతురి వైపు చూశాడు, పాదిరి వైపు చూశాడు. పాదిరి తన గడ్డం చూసుకుంటున్నాడు. గట్టిగా చెప్పమని విటోమిర్ మళ్లీ అడిగాడు. పాపం, ఆ మనిషి ఏమనుకున్నాడో, ఇదొక్కటే మిగిలిన మెట్టు అనుకున్నాడేమో, పిల్ల గర్భవతి అని ఊరందరి ముందూ చెప్పేశాడు.

విటోమిర్ శిలువ గుర్తు వేసుకున్నాడు. కళ్లల్లో నీళ్లు కూడా తెచ్చుకున్నాడు, దేశసేవ చేసేవాళ్లకు అదో విద్య. "ముందే నా దగ్గరకు వచ్చి ఉంటే వదిలేవాణ్ణి. అన్నాచెల్లెళ్లుగా ఉండగానే పాపం జరిగిపోయింది. దీన్ని నేనెలా దీవించను? నా మిగతా పిల్లలకు ఏం చెప్పను?" అన్నాడు. గుంపులో ఆ మిగతా పిల్లల తండ్రులు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. ఓబ్రెన్ తండ్రి కొడుకు చొక్కా పట్టుకుని లాగాడు. గడ్డపార లాంటి కుర్రాడు, దూడలా వెళ్లిపోయాడు.

తానాస్కో తమ్ముడి దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. ఓదారుస్తాడేమో అనుకున్నాను. "బళ్లో నోరు అమ్ముకున్నావు. ఇక్కడ ఊరికే ఇచ్చేశావు" అన్నాడు. ఆ తర్వాత ఆ అన్నదమ్ములు మాట్లాడుకోలేదు.

ఊరు స్తమెనాను చూసి ఉమ్మింది. నా వంటింట్లో మాత్రం ఎవరూ వేలు పెట్టలేరు కాబట్టి అక్కడే ఉంచుకున్నాను. వేసవిలో కొడుకు పుట్టాడు. బాప్తిస్మంలో బిడ్డను ఎత్తుకోవడానికి కూడా కూమ్ కావాలి. కూమ్‌ను మార్చుకునే ఆచారం లేదు కాబట్టి, మిలున్ సారా సీసా పట్టుకుని కాలినడకన విటోమిర్ ఇంటికే వెళ్లి పిలిచాడు. ఎంత దూరం ఏడుస్తూ నడిచాడో నాకు చెప్పలేదు. విటోమిర్ సంతోషంగా ఒప్పుకున్నాడు. తండ్రి లేని బిడ్డను ఎత్తుకున్న కాబోయే మంత్రి! ఫోటో తీయడానికి పత్రిక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు.

కాన్పై నలభై రోజులు దాటాయి కాబట్టి స్తమెనా కూడా చర్చిలోకి వచ్చింది. వింత చూడటానికి జిల్లా అంతా వచ్చింది. వెనకాల కొవ్వొత్తుల దగ్గర ఓబ్రెన్ కూడా ఉన్నాడు. బిడ్డకు పేరు పెట్టే హక్కు కూమ్‌ది, తల్లిదండ్రులది కాదు. పాదిరి పేరు అడిగాడు. విటోమిర్ పత్రిక మనిషి వైపు ఓ చూపు చూసి, ఇవాళ తన హక్కు ఈ అభాగ్యురాలికే ఇస్తున్నానన్నాడు.

"నువ్వే చెప్పమ్మా. నీ బిడ్డ పేరు."

స్తమెనా తల ఎత్తింది. ఆ చర్చిలో అంత స్పష్టంగా ఏ ఆడదీ మాట్లాడగా నేను వినలేదు.

"విటోమిర్ అని పెట్టండి. వీడికి ఎవరి పేరు ఉండాలో మీకంటే ఎవరికి తెలుసు కూమ్ గారూ?"

ఆడవాళ్ల వైపు గుసగుస మొదలైంది. ఓహో, అందుకా ఆ రోజు వదల్లేదు! అందుకా ఓబ్రెన్‌కు ఇవ్వనివ్వలేదు! ఆయన చర్చి ముంగిట్లో పెట్టిన కన్నీళ్లకు ఇప్పుడు కారణం దొరికింది. జుట్టు తీసిన పిల్లతోనా? మా వైపు దానికి మించిన పాపం లేదు. విటోమిర్ నోరు తెరిచాడు. కాదనాలి. ఏం కాదనాలి? ఆమె ఏమన్నదని? నిజం తెలిసిన పాదిరి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత బిడ్డను నీళ్లలో ముంచి విటోమిర్ అని పిలిచాడు. వెనక తలుపు చప్పుడైంది. వెళ్లిపోయినవాడు ఓబ్రెన్.

ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ, ఓబ్రెన్ అక్కడే ఉన్నాడు కదే, వాడు కూడా నమ్మేశాడేమో అన్నాను.

"నమ్మాలి పిన్నీ," అంది స్తమెనా. "వాడు నమ్మకపోతే ఇంకెవరూ నమ్మరు."

ఆకురాలే కాలంలో సంత జరిగినప్పుడు విటోమిర్ కత్తెర తీసుకుని వచ్చాడు. తల్లులు పిల్లల టోపీలు చెవుల దాకా లాగి, పక్క సందుల్లోకి తప్పుకున్నారు. మధ్యాహ్నం దాకా ఆయన ఒళ్లో ఒక్క బిడ్డ కూర్చోలేదు. చివరికి నా వెనక గదిలోకి వచ్చి తలుపు వేశాడు.

"ఆ రోజు నువ్వు ఇక్కడే ఉన్నావు పెర్సిదా. మిలున్ నాకు ఓబ్రెన్ పేరే చెప్పాడు. సంతలోకి వచ్చి ఆ ఒక్క మాట చెప్పు. నీ మాట నమ్ముతారు."

"చెబుతాను విటోమిర్ గారూ. కానీ నాకు సగం చెప్పడం రాదు. మిలున్ ఏమన్నాడో చెబితే మీరేమన్నారో కూడా చెప్పాలి. కూమ్ మాటను ఓటుకు అమ్మారని, అమ్మి ఎగ్గొట్టారని చెప్పాలి. రండి, ఇప్పుడే పోదాం."

ఆయన కుర్చీలోంచి లేవలేదు. రెండు నష్టాలనూ చేతిలో పెట్టుకుని బరువు చూసుకున్నాడు. నా కళ్ల ముందే చూసుకున్నాడు. పిల్ల సంగతి నమ్మితే జనం ఆయన్ను అసహ్యించుకుంటారు, అయినా కూమ్ కూమే. మాట అమ్ముకున్నవాడు కూమ్ కాడు, ఆ ఓటు సంగతి తెలిస్తే మాత్రం ఆయన జుట్టు తీసిన ప్రతి తలా ఆ పూటే ఆయన చేతిలోంచి జారిపోతుంది. ఎన్నాళ్లకైనా ఈ మరక పోతుందని లెక్క వేసుకుని ఉంటాడు.

"వద్దులే," అన్నాడు.

టోపీ పెట్టుకుని బయటికి వచ్చాడు. గుమ్మంలో స్తమెనా, చంకలో బిడ్డ. సంత మొత్తం ఇటే చూస్తోంది. కూమ్ ఎదురైతే చెయ్యి ముద్దు పెట్టుకోవడం మా మర్యాద. స్తమెనా వంగి ఆయన చెయ్యి అందుకుంది. ఆయన లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. ముద్దు పెట్టుకుని, ఆ చేతిని తీసి బిడ్డ నెత్తి మీద పెట్టింది.