బండ కింద పాదం

మహారాష్ట్రలో బిలోలి దగ్గర మంజీర ఒడ్డున ఉన్న తన ఊరి దిబ్బను తవ్వడం మొదలుపెట్టినప్పుడు, చంద్రభాగ అక్కడ మట్టి తట్టలు మోసే కూలికి కుదిరింది. తట్ట దించినప్పుడల్లా ఆమెకు ఏదో ఒక అనుమానం పుట్టేది. తవ్వకం చూసుకునే దీపాలి నాందేడ్ అమ్మాయి. ఇంట్లో తెలుగే కాబట్టి, విసుక్కోకుండా జవాబు చెప్పేది.

"గీ గుండ్రటి గోడ ఏంది మేడం?"

"స్తూపం అక్కా. రెండువేల ఏండ్ల కింద ఎక్కడెక్కడోళ్లో నడిసొచ్చి, దీని సుట్టు తిరిగి మొక్కుతుండిరి. దీని రాళ్లు శానా మట్టుకు ఊళ్లెకే పోయినట్టున్నయి."

ఆ మాట చంద్రభాగను వదల్లేదు. ఇంటి ముందు తాను బట్టలుతికే బండను మామ ఈ దిబ్బ మీంచే బండిలో వేసుకొచ్చాడు. పైవైపు అరిగి నున్నగా ఉంది. మరి కిందవైపు?

సాయంత్రం భర్త మారయ్య చేతికి గడ్డపార అందించింది.

"తిరగేస్తే ఏముంటది? తేళ్లుంటయి," అన్నాడతను.

"ఉంటే ఉండని. సూద్దాం పట్టు."

ఇద్దరూ రొప్పుతూ బండను ఒరగదీశారు. ఆమె నీళ్లు పోసి అరచేత్తో రుద్దింది. మట్టి కిందనుంచి ఐదు వేళ్లు, మడమ, అరికాలి నడుమ ఒక చక్రం బయటపడ్డాయి. ఒక్క పాదమే. రెండోది ఉండాల్సిన చోట బండ విరిగిపోయింది. మారయ్య గడ్డపార పక్కన పడేసి చెంపలు వేసుకున్నాడు.

కబురందగానే దీపాలి పరుగున వచ్చింది.

"బుద్ధుని పాదం అక్కా! అప్పట్ల ఆయన బొమ్మ చెక్కకపోతుండిరి. పాదాలకే మొక్కుతుండిరి."

విరిగిన అంచున పాత అక్షరాలు కొన్ని ఉన్నాయి. దీపాలి వాటిని వేలితో తడుముతూ కూడబలుక్కుంది.

"...గాయ దానం. పేరు ఎనుక 'ఆయ' అని ఉందంటె, ఎవరో ఆడామె ఇచ్చిన రాయి. పేరు మొదలు పోయింది, ఆఖరున 'గ' ఒక్కటే మిగిలింది."

చంద్రభాగ తన పేరు మెల్లగా పలికి చూసుకుంది.

"నా పేరు గూడ 'గ'తోనే అయిపోతది గద మేడం?"

దీపాలి నవ్వింది. "నీ పేరే కావచ్చు, కాకపోవచ్చు. విరిగిన కడమ ముక్క దొరికితెనే తెలుస్తది."

మర్నాడు బండను దిబ్బ దగ్గరి షెడ్డుకు చేర్చారు. చంద్రభాగకు మాత్రం మనసు నిలవలేదు. పని నుంచి వస్తూనే పక్కింటి పరమేశ్వరి గడప ముందు వంగి కూర్చుంది.

"ఏం పోగొట్టుకున్నవే?" అంది పరమేశ్వరి బయటికొచ్చి.

"ఏం లేదక్కా. నీ మెట్టురాయి ఏడికెల్లి అచ్చింది?"