బస్సు నీడ

మా బడి ఆవరణలో చెట్టు లేదు. కరస్పాండెంట్ సారు ఏటా మొక్కలు నాటించి ఫొటో దిగేవారు, వేసవికల్లా అవి పుల్లలయ్యేవి. కళ్యాణదుర్గంలో వాన పడితే కదా మొక్క బతికేది! ఉన్న ఒక్క వరండా పెద్ద పిల్లల ట్యూషన్‌కు పోయింది. నాలుగింటికి బడి వదిలాక, ఆ ట్యూషన్ ముగిసి బస్సు కదిలే ఐదింటి దాకా, చిన్న పిల్లలకు దిక్కు నా బస్సు నీడే.

ఆ నీడంటే నాకు గర్వం. పిల్లలంతా వరుసగా వచ్చి కూర్చుంటే నేనే పందిరి వేసినట్టు మీసం దువ్వుకునేవాణ్ణి.

బస్సు ముసలిది. సెల్ఫ్ పనిచేయదు, ఆపితే పదిమంది తొయ్యాలి. అందుకని ఆ గంటసేపూ ఇంజను ఆపేవాణ్ణి కాదు. పోయేటప్పుడు తిప్పుకునే పని లేకుండా మూతి గేటు వైపు పెట్టి నిలిపేవాణ్ణి. అలా నిలిపితే పొగగొట్టం సరిగ్గా నీడ పడే పక్కకే వస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. ముప్పై ఏళ్లుగా డీజిల్ పొగ మింగుతున్నాను, నాకేమైంది కనక అనుకునేవాణ్ణి.

మా రూట్లో చివరి ఊరి పిల్ల మల్లీశ్వరి, మూడో తరగతి. తండ్రి ఆంజినప్పకు నాలుగెకరాల మెట్ట, ముప్పై గొర్రెలు. శెనక్కాయ పంట నిలువునా ఎండిపోయిన ఏడే మొండిగా కూతుర్ని ఇంగ్లీషు బడిలో చేర్చాడు. మొదటి రోజు దాని చెయ్యి నా చేతిలో పెట్టి, "సుంకప్పా, దీనికి అప్పుడప్పుడు ఆయాసం వస్తాది. ఎండన మాత్రం పెట్టొద్దప్పా" అన్నాడు.

ఆ మాట నేను తు.చ. తప్పలేదు. బస్సు వెనక భాగం పైన సామాన్లు వేసే ఎత్తైన క్యారియర్ ఉండేది. అందుకే అక్కడ నీడ కాస్త ఎక్కువ వెడల్పు. అక్కడే గోనెసంచి పరిచి మల్లిని కూర్చోబెట్టేవాణ్ణి. ఇంకెవరైనా వస్తే, "లెయ్యి, అది మల్లి జాగా" అని గదిమేవాణ్ణి. పొగగొట్టానికి ఆ గోనెసంచి రెండడుగుల దూరం.

ఆ ఏడే అనంతపురం నుంచి రేఖ అనే కొత్త టీచరు వచ్చింది. ఒకనాడు ఆమె మల్లి చేతిరుమాలు తెచ్చి నాకు చూపించింది. మసిగుడ్డలా ఉంది.

"పాప ముక్కు తుడిస్తే ఇట్లయింది సుంకప్పన్నా. ఇంజను ఆపెయ్యి."

"ఆపితే నువ్వొచ్చి తోస్తావా మేడమ్?"

"పోనీ, బండి తిప్పి నిలుపు. పొగ అవతల పక్కకు పోతుంది కదా?"

నిజమే. ఒక్కసారి తిప్పి నిలిపితే సరిపోయేది. కానీ నిన్నగాక మొన్న వచ్చిన మనిషి, పిల్లల ముందు నాకు బండి నిలపడం నేర్పుతుందా? నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. "నువ్వు బోర్డు మీద ఎట్ల రాయల్లో నేను చెప్తాండానా? నీ పని నువ్వు చూసుకో పో" అన్నాను. క్లీనర్ కొండప్ప కిసుక్కున నవ్వాడు. ఆమె మొహం చిన్నబోయింది. నాకు అది గెలుపులా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

పదిహేను రోజులైందో లేదో, గాలి ఆడని ఒక సాయంత్రం అందరూ బస్సెక్కారు, మల్లి లేవలేదు. పెదాలు నీలంగా మారి, పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఎత్తి నా సీటు పక్కన పడుకోబెట్టి, పిల్లలందరితో సహా ఆసుపత్రికి తోలాను. ఆక్సిజన్ పెట్టారు. "పాప పొగ దగ్గర గానీ ఉందా?" అని డాక్టరు అడిగాడు.

"తెల్దు సార్" అన్నాను.

దేవుడి దయ, పిల్ల దక్కింది. మరునాడు ఆంజినప్ప ఆసుపత్రి మెట్ల మీద నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. "నువ్వు లేకుంటే నా బిడ్డ లేదప్పా. దీనికి ఈ బడి పడలే. దినామూ అంత దూరం పోయొచ్చేది దీని వల్ల కాదు. చదువు చాలు, గొర్లెంబడి పోనీ."

బడి కాదప్పా, నా బండి అని ఒక్క మాట అంటే మల్లి మళ్లీ బడికి వచ్చేది. మాట గొంతు దాకా వచ్చింది. కానీ ఆయన నా చేతులు కళ్లకద్దుకుంటున్నాడు. బండికి టైమైందని చెప్పి మెట్లు దిగాను.

మరుసటి రోజు నుంచి బండి తిప్పి నిలిపాను. ఇంజనూ ఆపాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. పొగగొట్టం ఉన్న కుడి మూలకు ఎవరూ పోకుండా, ఎడమ పక్క నుంచే తొయ్యమని పెద్ద పిల్లలకు నేర్పాను. మొదటి సాయంత్రం వాళ్లతో పాటు ఇంకో చెయ్యి పడింది. అద్దంలో చూస్తే రేఖ మేడమ్. ఒక్క మాట అనలేదు. అని ఉంటే కాస్త తేలికపడేవాణ్ణి.

ఆంజినప్ప ఇంటికి పోయి చెప్పాలనుకుంటూనే రెండేళ్లు గడిచాయి. ఒక సాయంత్రం వాళ్ల ఊరి దగ్గర గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. బండి ఆపి, ఇంజనూ ఆపేశాను. మంద వెనక కర్ర పట్టుకుని మల్లి. పొడుగైంది. పరుగున వచ్చి బస్సు నీడలో నిలబడింది.

"తాతా, నా జాగా ఎవురికిచ్చినావు?"

కిందికి దిగాను. "ఎవురికీ ఇయ్యలేదమ్మా. ఆ జాగానే నీకు ఆయాసం తెచ్చింది మల్లీ. నా బండి పొగ. మీ నాయనకు నేను చెప్పలేదు."

అది పకపకా నవ్వింది. "పో తాతా! నువ్వు నన్ను నీడన కూసోబెడ్తివి. నీడ యాడన్నా చెరుపు చేస్తాదా?"

గొర్రెలు దాటాయి. నేను సీటెక్కాను, పిల్లలు తొయ్యడానికి దిగారు. మల్లి కర్ర చంకన పెట్టుకుని ఉత్సాహంగా వాళ్లలో కలిసింది. పొగగొట్టం ఉన్న కుడి మూల ఖాళీగా ఉందని అక్కడే చెయ్యి వేసింది.

"మల్లీ, నువ్వొద్దు! పక్కకు పో!" అని కిటికీలోంచి అరిచాను.

అది టక్కున చెయ్యి తీసేసింది. యూనిఫాంలో ఉన్న పిల్లలను ఒకసారి, తన దుమ్ముపట్టిన లంగాను ఒకసారి చూసుకుంది. అందుకు కాదు తల్లీ అని చెప్పేలోపే ఇంజను అంటుకుంది, నా మాట ఆ చప్పుడులో కలిసిపోయింది. అద్దంలో చూస్తే, అది తల వంచుకుని గొర్రెల వైపు నడుస్తోంది.