ఇంకా కట్టని పాట

“ఇస్త్రీ అయ్యాక ఆ కాగితాల మీద సంతకాలు పెట్టెయ్. పెన్సిల్ గీత ఉన్న చోటల్లా పెడితే చాలు, చదవక్కర్లేదు,” అనేసి భర్త స్నానానికి వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో అది మామూలు పద్ధతే. బ్యాంకు కాగితమైనా, కూతురి బడి కాగితమైనా ముందు ఆయన చదివి పెన్సిల్‌తో చిన్న గీత పెడతాడు, ఆ తరవాత ఆమె సంతకం చేస్తుంది. పెళ్ళైన కొత్తలో తన కోసం ఎంత శ్రద్ధ తీసుకుంటున్నాడో అని మురిసిపోయేది కూడా. ఇవాళ మాత్రం ఆ కాగితాల్లో ఉన్నది తన పాటల సంగతి. ఇస్త్రీపెట్టె ఆపేసి, చొక్కాను సగంలోనే వదిలేసి, మొదటి కాగితం అందుకుంది.

అత్తవారింట్లో ఆమె పేరు కూనిరాగం. ఎప్పుడూ ఏదో ఒకటి పాడుకుంటూ ఉంటుందని అత్తగారు పెట్టిన పేరది. “కూనిరాగం, అక్కడ పాలు పొంగుతున్నాయి చూడు.” “కూనిరాగం, మీ మావయ్యగారు పడుకున్నారు, ఇక ఆపు తల్లీ.” ఆమె చిన్నపిల్లల బడిలో టీచరు. అక్కడ ఆపమనేవాళ్ళు లేరు. చేతులు కడుక్కోవడానికి ఒక పాట, చెప్పులు వరసగా పెట్టుకోవడానికి ఒక పాట, అమ్మ గుర్తొచ్చి ఏడ్చేవాణ్ణి ఊరుకోబెట్టడానికి ఇంకో పాట, ఇలా ఎప్పటికప్పుడు కట్టేస్తుంది. “అది పనెలా అవుతుంది, మీ సరదా కదా,” అని హెడ్మిస్ట్రెస్ ఎప్పుడో తేల్చేసింది. ఒక పిల్ల తల్లి ఫోనులో తీసిన పాట ఆ నోటా ఈ నోటా పడి పాటల కంపెనీ దాకా వెళ్ళింది. రికార్డు చేస్తామని వాళ్ళు కబురు పంపిన రోజు ఆమె కాళ్ళు నేలమీద ఆనలేదు. తాను లేని ఇళ్ళలో కూడా తన గొంతు వినిపిస్తుందంటే నమ్మలేకపోయింది. జీవితంలో ఇంతగా ఏదీ కోరుకోలేదామె. భర్త కూడా సంతోషపడ్డాడు. “ఇవన్నీ నీకు అర్థం కావులే, నేను చూసుకుంటా,” అని కంపెనీతో మాటలన్నీ తనే మాట్లాడేశాడు.

మొదటి షరతు కాగితం అడుగుదాకా ఒకటే వాక్యం. చదువుతుంటే ఊపిరాడలేదు. పాటైతే ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఇట్టే తెలిసేది. అయితే పాటే చేద్దామనుకుని ఆ వాక్యానికి ఒక వరస కట్టి, మెల్లగా విడగొట్టుకుంటూ పాడింది. “కళాకారిణి ఇదివరకు కట్టినవీ... ఇకముందు కట్టబోయేవీ... అన్ని పాటలూ కంపెనీకే చెందును.” ముందు నవ్వొచ్చింది. ఇంకా కట్టని పాటను ఎలా ఇస్తారు? రేపు ఏ పిల్లవాడు ఎందుకు ఏడుస్తాడో తనకే తెలియదు, వాడి కోసం పుట్టబోయే పాట వీళ్ళదెలా అయిపోయింది? తరగతిలో పిల్లలు ‘ఎందుకు’ అని మొదలుపెడితే బెల్లు కొట్టినా వదలరు. ఆ జబ్బు ఇవాళ ఆమెకూ అంటుకుంది. తరవాతి షరతునూ పాడింది. కంపెనీ అనుమతి లేకుండా ఈ పాటలు మరెక్కడా పాడరాదట. మరెక్కడా అంటే బడి కూడానా? పట్టుదల పెరిగి ఆఖరి కాగితం దాకా వెళ్ళింది. ‘కళాకారిణి తరఫున సమస్త నిర్ణయాలు తీసుకొను వ్యక్తి’ అని అచ్చువేసిన చోట, భర్త గుండ్రటి చేతిరాతలో భర్త పేరే ఉంది.

కోపం తరవాత వచ్చింది గానీ, ముందు వచ్చింది మాత్రం ఆశ్చర్యమే. ఈ షరతులు తనకెక్కడో తెలుసు. వండిన వంటా, తోమిన గిన్నెలూ, అందరికన్నా ముందు లేచిన పొద్దులూ, ఇకముందు లేవబోయే పొద్దులూ, అన్నీ ఎప్పుడో రాసిచ్చేసినట్టే ఇంట్లో అందరూ మసలుకుంటారు. అత్తగారూ అలాగే రాసిచ్చేసి ఉంటుంది పాపం. ఆ కాగితమేదో ఎవరూ ఆమెకు చూపించనైనా లేదు.

“ఇంకా పెట్టలేదా?” భర్త తల తుడుచుకుంటూ వచ్చాడు.

“చదువుతున్నానండీ.”

“చదివితే మారిపోతాయా ఏమిటి? అందరికీ ఇచ్చేది అదే.”

“అయితే నేనే తీసుకెళ్ళి ఇచ్చేస్తాలెండి,” అని కాగితాలు సంచిలో పెట్టుకుంది.

బడి వదిలాక నేరుగా పాటల కంపెనీకి వెళ్ళింది. గోడలకు మెత్తటి పలకలు అతికించిన గదిలో కూర్చోబెట్టారు. అద్దం అవతల మైకు కనిపిస్తోంది. దాన్ని చూడగానే ఈ గొడవంతా ఎందుకు, సంతకం పడేసి లోపలికి వెళ్ళి పాడేద్దామా అనిపించింది కూడా. ఒప్పందాలు చూసే పెద్దమనిషి ఇంతలో వచ్చి కూర్చున్నాడు.

“చేతులు కడుక్కునే పాట రేపు నా తరగతిలో పాడాలంటే మిమ్మల్ని అడగాలాండీ?”

ఆయన నవ్వాడు. “భలేవారే! అలా ఎవరూ అడగరమ్మా.”

“మరి ఎందుకు రాశారు?”

“ఊరికే, మామూలుగా రాస్తాం.”

“ఊరికే రాసింది ఊరికే కొట్టెయ్యొచ్చు కదా?”

ఆయన నవ్వు తగ్గింది. “మీవారు అన్నిటికీ ఒప్పుకున్నారు కదమ్మా,” అని ఫోను బల్ల మీద పెట్టి, ఇద్దరికీ వినపడేలా కలిపాడు. “సార్, మేడం ఏవో మార్పులు అడుగుతున్నారు.”

“ఆవిడ మాటలు పట్టించుకోకండి సార్,” అన్నాడు భర్త అటునుంచి. “ఎవరో ఏదో ఎక్కించి ఉంటారు. ఇంటికెళ్ళి నేను చెప్తాగా, నోరు మూసుకుని పెట్టేస్తుంది.”

పెద్దమనిషి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆమెకు చెవులు వేడెక్కాయి. పరాయి మనిషి ముందు తలకొట్టేసినట్టయింది.

“నేనిక్కడే వింటున్నానండీ,” అంది.

అటువైపు ఫోను పెట్టేసిన చప్పుడు.

ఆమె పెన్ను తీసింది. కట్టబోయే పాటల మాట కొట్టేసింది, మరెక్కడా పాడరాదన్నది కొట్టేసింది. పైవాళ్ళు కాదంటే అవకాశం చేజారిపోతుందమ్మా అని ఆయన మంచిగానే హెచ్చరించాడు. భయమేసింది. అయినా ఆఖరి కాగితం తిప్పి, ఆ గుండ్రటి అక్షరాల మీదుగా ఒక గీత లాగింది.

కొట్టేసిన ఆ పేరు వైపు చూశాడాయన. “మరి మీ తరఫున ఎవరితో మాట్లాడాలమ్మా?”

“నా తరఫున నేనే వచ్చాను కదండీ.”