దిగిన గడిలో సున్నాలు

వెంకటేశులు నీళ్లు పోసుకోవడానికి దొడ్లోకి వెళ్లగానే ఓబులమ్మ అతని నల్ల అట్ట పుస్తకం తెరిచింది. కొడుకు డకోటా విమానంలో రెండో పైలెట్. ఎగిరిన ప్రతిసారీ అందులో రాసుకోవాలి. ఆమె చదివింది మూడో తరగతే అయినా అంకెలు తెలుసు. గాలిలో ఉన్న గంటలు ఒక గడిలో, దిగినవి చివరి గడిలో అని పోయినసారి వాడే చెప్పాడు. అప్పుడు చివరి గడిలో చాలాచోట్ల ఒకట్లు ఉండేవి. ఇప్పుడు ఉగాది నుంచి అన్నీ సున్నాలే. గంటలు మాత్రం నిండుగా ఉన్నాయి.

ఎక్కినవాడు దిగకుండా ఎట్లా ఉంటాడు? ఎక్కడో పడి ఉంటాడు. చెబితే అమ్మ అన్నం మానేస్తుందని దాస్తున్నాడు.

మరునాడు తలకు ఆముదం పెడతానని కూర్చోబెట్టి, మెడ మీద, భుజాల మీద కుట్ల గుర్తుల కోసం వెతికింది. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది.

పక్కింటి మారెక్క దగ్గర నోరు జారితే, ఆమె చెరుగుతున్న చాట ఆపింది. “వదినా, గుంతకల్లులో మా చెల్లెలి మొగుడు రైల్లో బొగ్గేస్తాండె. పనిలోనుంచి తీసేసినా రోజూ సద్ది కట్టుకోని పోతాండె, ఇంట్లో తెలీకుండా! మీవాడు మాత్రం చెప్తాడా?”

ఆ మాటతో ఓబులమ్మ ఒక అణాను పసుపు గుడ్డలో మూటగట్టి, కదిరి నరసింహస్వామికి ముడుపుగా మేకుకు వేలాడదీసింది. కొత్తగా వచ్చిన నయా పైసలు దేవుడికి చెల్లుతాయో లేదోనని పాత అణానే ఏరింది. ఆ గడి మళ్లీ ఒకట్లతో నిండితే కదిరికి నడిచొస్తానని మొక్కింది.

సెలవు ముగిసి కొడుకు బయలుదేరే పొద్దున, సంగటి పెడుతూ అడిగేసింది.

“యాడ పడినావురా?”

“ఎవురు పడింది మా?”

“దాచొద్దు. ఎక్కినట్టు రాసుకుంటాండావు, దిగినట్టు ఒక్కసారన్నా లేదే! పని తీసేసినారా?”

వెంకటేశులుకు నవ్వాగలేదు. “అయ్యో మా! దిగకపోతే నీ సంగటి ఎట్ల తింటాండా? విత్తేటప్పుడు నాయన గొర్రు పడతాడు, నువ్వు శనగ్గింజలు పోస్తావు. ఇద్దరూ పొద్దంతా చేన్లో ఉన్నట్టే. సాలు వంకరపోతే ఊరోళ్లు ఎవుర్నంటారు?”

“మీ నాయన్నే.”

“ఇదీ అట్లే. గంటలు నాకూ ఉండాయి. ఉగాదికొచ్చిన ఈ కెప్టెను, మా పెద్ద పైలెట్, దించేటప్పుడు మాత్రం విమానం నా చేతికియ్యడు. నేను దించందాన్ని నాదని ఎట్ల రాసుకునేది?”

“అయితే ఒకటి ఉన్న చోటల్లా...”

“నేనే దించినా.”

ఓబులమ్మ చేతిలో తెడ్డు ఆగిపోయింది. “విమానంలో అంతమందిని పెట్టుకోనా?”

“పెట్టుకోనే. వచ్చే నెల ఈయన మారతాడు. వచ్చేటాయన నాకిస్తాడంట. ఆ గడి నిండితేనే నేను కెప్టెనయ్యేది.”

నిండాలని మొక్కింది తనే! సాలు వంకరపోతే ఇక అందరూ అనేది తన కొడుకునే. వాడు పెట్టె సర్దుతుండగా ఆమె చేయి ముడుపు మీదికి పోయింది. ముడి విప్పేసింది కూడా.

“దీవించు మా, బస్సు పోతాది,” అంటూ వాడొచ్చి కాళ్లకు దండం పెట్టాడు.

“నువ్వు దించేటప్పుడు ఆ కెప్టెను పక్కనే ఉంటాడా?”

“ఉంటాడు.”

“కండ్లు తెరుచుకోని?”

“తెరుచుకోనే మా!”

ఆమెకు నమ్మకం కుదరలేదు. అయినా వాడి తల నిమిరి పంపించింది. బస్సు దుమ్ము అణగక ముందే లోపలికొచ్చి, ఆ కెప్టెను పేరున ఇంకో అణా వేసి, ముడి గట్టిగా బిగించింది.