నాలుగు తీగలు, ఒక ఎలుకల బోను

నేను ఒక బేస్ గిటారును. నాలుగు లావుపాటి తీగలు, గట్టి చెక్క ఒళ్ళు, కరెంటు లేకపోతే నోరు లేదు. నేను మోగుతున్నంతసేపూ నన్నెవరూ పట్టించుకోరు. ఆగానంటే మాత్రం పాటకేదో జబ్బు చేసిందని అందరూ మొహాలు చూసుకుంటారు. ఇంటిల్లిపాదికీ వండిపెట్టే మనిషిదీ ఇదే గతి కాబట్టి నేను పెద్దగా బాధపడను.

పుట్టింది జపానులో. వయసు యాభై దాటింది. ఓడలో పనిచేసే ఒకడు విశాఖపట్నం రేవులో నన్నిచ్చేసి రెండు జాడీల ఆవకాయ పట్టుకుపోయాడు. ఆ ఆవకాయ ఇచ్చినవాడు విజయనగరం లచ్చుంనాయుడు. పగలు జూట్ మిల్లులో పని, సాయంత్రం పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రా. ఆవకాయ పెట్టింది మాత్రం ఆయన భార్య పారమ్మ. ఆ ఏడాదంతా ఇంట్లో ఆవకాయ లేకుండా గడిచింది. ఆ కోపం ఆమెకు నా మీద ఈనాటికీ ఉంది.

ఇరవై రెండేళ్ళు నాయుడు నన్ను వాయించాడు. ఇంట్లో ఉన్నప్పుడు వెనక గదిలో తలుపేసుకుని, స్పీకరు పెట్టెను గోడకి ఆనించి, ఇరుగుపొరుగు తిట్టకుండా మెల్లగా సాధన చేసేవాడు. పారమ్మ ప్రోగ్రాముకి వచ్చింది ఒకేసారి, అదే ఆఖరి ప్రోగ్రాము. ముందు వరసలో కూర్చుని చెవులు రిక్కించింది. ఇంటికొచ్చాక చెప్పింది:

"అందరి సౌండూ ఇనపడింది. నీదే లేదు. ఇన్నేళ్ళూ కరెంటు స్తంభంలాగ నిలబడీసి వచ్చీవోడివా?"

ఆ తర్వాత నా పని కూడా తనే చేసే కీబోర్డు ఒకటి వచ్చింది, ఆర్కెస్ట్రా మూతపడింది, నన్ను అటకెక్కించారు. కానీ ఆ మాట నాయుడి గుండెలో ముల్లులా ఉండిపోయింది. చచ్చేలోపు ఒక్కసారైనా పారమ్మ చెవిన పడేలా వాయించాలి అని నాతోనే చెప్పుకునేవాడు.

అటక మీద నా పక్క చుట్టం పారమ్మ ఎలుకల బోను. ఆవిడ ఏళ్ళ తరబడి ఒకే ఎలుక కోసం ఎండుచేప ఎర గుచ్చి దాన్ని పెట్టింది. అది పడనూ లేదు, ఈ మధ్య రావడమూ మానేసింది. ఇంక దేనికని పక్కింటివాళ్ళకి ఇచ్చేద్దామని బోనును లాగితే, దాంతోపాటు నేనూ వచ్చి రుబ్బురోలు మీద పడ్డాను. మెడ పుటుక్కుమంది. మిల్లు నుంచి రిటైరైనప్పుడు కూడా ఏడవని నాయుడు ఆవేళ ఏడ్చాడు.

మర్నాడు నన్ను దుప్పట్లో చుట్టి బొబ్బిలి బస్సెక్కించాడు. తీగలున్న దేన్నైనా బాగుచేసే మనిషి ఆయనెరిగినంతలో ఒక్కడే, వీణలు చేసే సోమలింగాచారి.

ఆచారి నన్ను అటూ ఇటూ తిప్పి చూసి నిట్టూర్చాడు. "నాయుడు గారూ, మెడ సంగతి సరే. మూడు తీగలు ఎప్పుడో ఊడిపోయినాయి, చూసుకోలేదా? వీణకి ఏడుండాలి కదండీ. పైగా కుండ చూడండి, బొత్తిగా గుల్లే లేదు. శబ్దం ఎక్కడినుంచి వస్తాది?"

ఓరి నాయనో! నా ఒంట్లో గట్టిదనమే నా రోగమని తేల్చేశాడు. వారం తిరిగేసరికి నా పొట్టమీద సుద్దముక్కతో గీత గీసి, నన్ను తొలవడానికి ఉలి ఎత్తాడు. సరిగ్గా అప్పుడే నాయుడు గుమ్మంలోకి వచ్చి కెవ్వుమన్నాడు. పొట్ట దక్కింది. మిగతాదేదీ దక్కలేదు. పనసచెక్కతో కొత్త మెడ, దాని కొసన కోరలు బయటపెట్టిన యాళి తల, పక్కన మూడు తాళం తీగలు, మెట్లు మైనంలో అతికించి. జపానులో నా వాళ్ళు చూస్తే గుర్తుపట్టరు.

ఇంటికి రాగానే నాయుడు పారమ్మను ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి వాయించాడు. ఆమె చాలాసేపు విన్నది.

"ఆ సన్న తీగలు మూడూ ఇనపడతన్నాయి. బాగున్నాయి. నీయి లేవు." యాళి తలకేసి చూసి, "ఈ బొమ్మ కరుస్తాదేటి?" అని అడిగింది.

నాయుడు మొహం మాడిపోయింది. స్పీకరు పెట్టె ఎత్తుకుని వెనక గదిలోకి పోయాడు. తలుపేసుకుని, పెట్టెను పాత చోటే గోడకి ఆనించి, రోజూ సాధన మొదలెట్టే పెళ్ళిపాట అందుకున్నాడు.

గోడ అవతల వంటింటి అరమీద కంచం గలగలమంది.

"ఓలమ్మా! ఎలక మల్లీ వచ్చీసింది!" పారమ్మ బోను పట్టుకుని పరుగెత్తిన చప్పుడు. నాయుడు వాయించడం ఆపాడు. గలగల ఆగింది. మళ్ళీ వాయించాడు, మళ్ళీ మొదలైంది. నన్ను మెడలో వేసుకునే తలుపు తీశాడు. పారమ్మ బోను చేత్తో పట్టుకుని అర ముందు నిలబడిపోయి ఉంది.

"ఎప్పుడూ ముందు కంచం," అంది నెమ్మదిగా. "తరవాత గళాసులు. ఆకర్న ఇత్తడి సెంబు. ఆ ఎలక ఏనాడూ దారి మార్సలేదు. నువ్వు మిల్లుకెల్తే వచ్చీది కాదు. ఇంట్లో మగోడుంటే దానికి దయిర్యం కాబోలు అనుకున్నాను."

"ఒలే, ఆ ఎలకని నేనే," అన్నాడు నాయుడు.

పారమ్మ పీట మీద కూలబడింది. "ఇరవై రెండేళ్ళు నీకు ఎండుచేప పెట్టినానా!"

ఇద్దరూ కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. తర్వాత ఆమె కనుబొమలు ముడిచింది. "మరి ఇందాకల సెంబు మోగలేదేటి?"

నాయుడు నా మెడ తడిమి చూశాడు. దారిలో ఎండకి మైనం మెత్తబడి ఒక మెట్టు జరిగి స్వరం తప్పింది. బొటనవేలితో దాన్ని వెనక్కి తోసి మళ్ళీ మొదలెట్టాడు. కంచం, గ్లాసులు, చెంబు.

"ఆఁ," అంది పారమ్మ. "ఇదీ నీ పాట."

ఇప్పుడు రోజూ సాయంత్రం గోడకి ఇవతల నేను, అవతల అరమీద చెయ్యి ఆనించి ఆమె. ఎక్కడ తప్పినా అక్కణ్ణుంచే కేకేస్తుంది. ఇన్నేళ్ళలో నన్ను ఇంత శ్రద్ధగా విన్న మనిషి ఇంకొకరు లేరు. ఆవకాయ సంగతి మాత్రం ఇంకా మరిచిపోలేదు.