తొట్టి వెనక పాదులు

ఆ రోజు ఇంట్లో నాయనమ్మ, అమ్మ, మంచం మీద తాతయ్య, గోడకు ఆనుకుని వాళ్ల పిల్ల, ఉన్న ఒక్క కుర్చీలో ఆకులమ్మ ఉన్నారు. ఆకులమ్మ పంటల మీద పరిశోధన చేస్తుంది. పూత వేళ ఇంటింటికీ తిరిగి చిక్కుడాకులు పట్టుకెళ్లింది కాబట్టి ఆ పేరు స్థిరపడింది.

"పెద్దమ్మగారూ, ఈ చుట్టుపక్కల ఇళ్ల చిక్కుడాకులన్నీ పరీక్షిస్తే రెండే వంశాలు తేలాయి. ఏ తెగులో వచ్చిందంటే ఒక్కసారే తుడిచిపెట్టుకుపోతాయి. మీ ఇంటి ఆకులు మాత్రం దేనికదే వేరు. ఒకటి పోయినా ఇంకోటి నిలబడుతుంది. గింజలిస్తే మా విత్తనాల గిడ్డంగిలో దాస్తాం. డబ్బా మీద మీ పేరు రాస్తాం."

నాయనమ్మ మొహం చాటంతయింది. "ఊరికే వచ్చిందా అమ్మా! ఏటా అన్నిటికంటే బాగా కాసిన పాదు ఒక్కటి చూసుకుని, దాని గింజే విత్తనానికి ఉంచుతాను. ఈ ముక్క కాస్త ఆ పక్కింటి వడ్రంగి పెళ్లాంతో చెప్పండి. నా గింజకు వంకలు పెడుతుంది!"

"ఇన్నాళ్లూ తన డబ్బా తనే కొట్టుకునేది. ఇక మీరు అందుకోండి" అన్నాడు తాతయ్య.

నోట్లో నువ్వుగింజ నానని ఆ ఇంట్లో నోరు విప్పనిది పిల్ల ఒక్కతే. ఆకులు కోసిచ్చింది కూడా తనే. "నా విత్తనపు పాదుల మీద చెయ్యి వేశావంటే ఊరుకోను, పూత మీదున్నాయి. ఆకే కదా, ఏదైతేనేం? పెరట్లో నీళ్ల తొట్టి వెనక తుక్కు పాదులవి కోసిచ్చెయ్" అని ఆవేళ నాయనమ్మే అంది. చుట్టాలు తెచ్చిన గింజల్లో మచ్చలవి, నొక్కులవి ఏరి నాయనమ్మ అక్కడ పారేస్తుంది. వాటంతటవే మొలిచి, గోడెక్కి కాశాయి. ఈ సాయంత్రమే అమ్మ వాటిని పీకెయ్యాలని నాయనమ్మ ఆజ్ఞ.

నాయనమ్మ సీసా తెచ్చింది. లోపల తెల్లటి గింజలు, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఆకులమ్మ సంచీ మూతి తెరిచింది.

పిల్ల అమ్మ చెవిలో చెప్పింది.

"నాకు చెబితే ఏం లాభమే? ఆవిడకు చెప్పు."

"ఆ ఆకులు వీటివి కాదండీ" అంది పిల్ల నేల చూస్తూ. "తొట్టి వెనకవి."

ఆకులమ్మ వెంటనే లేచి పెరట్లోకి నడిచింది. ఎండిన కాయ ఒకటి ఒలిచింది: నల్లవి. పక్క పాదుది ఒలిచింది: ఎర్రటి చారలు. "ఇవే! ఇవే కావాలి" అంటూ సంచీ నింపుకుంది. "పెద్దమ్మగారూ, మీ పేరే రాస్తాను."

"ఆ తుక్కు మీద నా పేరా? కోసిచ్చిన మహాతల్లి పేరు రాసుకోండి!"

"అత్తయ్యా, చిన్నపిల్ల..." అంది అమ్మ.

"చిన్నపిల్లట! ఇక వడ్రంగి పెళ్లాం ముందు నా తల తీసేసినట్టే."

నాయనమ్మ సీసా చంకన పెట్టుకుని గదిలోకి నడిచింది. పిల్ల వెనకే వెళ్లింది. ఆ రోజుకు రెండోసారి పైకి నోరు విప్పింది.

"నాయనమ్మా, నువ్వు పారెయ్యకపోతే అవసలు ఉండేవే కావు కదా!"

నాయనమ్మ పిల్లను ఎగాదిగా చూసి, మొహం మీదే తలుపు వేసి గడియ పెట్టుకుంది.